కైట్ లాగుతుంది, దారి తిప్పేది మడమలు

అక్క: అందరికీ నమస్కారం. బరంపురం నుంచి అక్కాతమ్ముళ్లం మళ్లీ వచ్చాం. ఈసారి మావాడి పిచ్చి గురించే. సాయంత్రం అయితే చాలు, నాలుగు చక్రాల పలక ఒకటి చంకన పెట్టుకుని గోపాల్‌పూర్ పోతున్నాడు. ఏంట్రా అది? సముద్రం పక్కనే పెట్టుకుని ఇసుక మీద ఆడతావా?

తమ్ముడు: నీళ్ల మీద చేసేది కైట్‌సర్ఫింగ్ అక్కా. ఇది కైట్ ల్యాండ్‌బోర్డింగ్. బోర్డుకి గాలి కొట్టిన లావు టైర్లు నాలుగు, కాళ్లు దూర్చడానికి పట్టీలు ఉంటాయి. పైన కైట్ లాగుతుంటే కింద మనం దొర్లుకుంటూ పోతాం.

అక్క: మరి ఎటు తిప్పాలి, ఎలా ఆపాలి? స్టీరింగ్ ఏదీ?

తమ్ముడు: అందరూ స్టీరింగ్ కైట్‌లో ఉందనుకుంటారు. కైట్ ఇచ్చేది లాగుడు మాత్రమే. దారి తిప్పేది కాళ్లు. పలక ఏ పక్కకి వంగితే ఇరుసులు ఆ పక్కకే తిరుగుతాయి. మడమల మీద బరువు వేస్తే బోర్డు గాలికి ఎదురు తిరిగి నెమ్మదిస్తుంది. కాలివేళ్ల మీద వేస్తే కైట్ వైపు తిరిగి స్పీడు అందుకుంటుంది.

అక్క: స్పీడు పెరిగితే మంచిదే కదా?

తమ్ముడు: అక్కడే పడతారు. మనం కైట్ వైపు పరిగెత్తేసరికి లైన్లు, అంటే కైట్‌కి కట్టిన దారాలు, వదులైపోతాయి. అప్పటిదాకా ఆ లాగుడుని నమ్ముకునే వెనక్కి వాలి ఉంటాం. అది ఒక్కసారిగా పోతే దబ్బున కూలబడతాం. గోపాల్‌పూర్‌లో మనవాళ్లు పెద్దవల లాగడం చూశావుగా? తాడు బిగువుగా ఉన్నంతసేపూ నడుము వెనక్కి వేసి హాయిగా వాలతారు. తాడు వదులైతే వెంటనే కాళ్ల మీదికి వచ్చేస్తారు. బోర్డు మీద బ్యాలెన్స్ కూడా అంతే. ఆ బిగువు తగ్గుతోందని నడుముకి ముందే తెలియాలి.

అక్క: అది నేర్పేదెవరు?

తమ్ముడు: కైట్ లేకుండానే మొదలుపెట్టొచ్చు. బోర్డు ఎక్కి తాడు పట్టుకుంటే ఒకరు ముందు నుంచి లాగాలి. మోకాళ్లు కాస్త వంచాలి, నడుము ముందుకు ఉండాలి, తల పోయే దారి వైపు తిరిగి ఉండాలి. చాలామంది పిరుదులు వెనక్కి పెట్టి కుర్చీలో కూర్చున్నట్టు వంగుతారు. అలా వంగితే మడమలకి బరువు చేరదు, బోర్డు మాట వినదు.

అక్క: కైట్ సంగతో?

తమ్ముడు: అది వేరే చదువు, బోర్డు లేకుండా నేర్చుకోవాలి. రెండు లైన్ల చిన్న కైట్‌తో మొదలుపెట్టి, తర్వాత నాలుగు లైన్లది, మూడు చదరపు మీటర్ల సైజుది పట్టుకోవచ్చు. ఆకాశాన్ని గడియారం అనుకో. నడినెత్తిన పన్నెండు. అక్కడ లాగుడు తక్కువ. నీకు సూటిగా ఎదురుగా, కిందికి ఉన్న చోట లాగుడు చాలా ఎక్కువ. కైట్ వైపు చూడకుండా దాన్ని పన్నెండు దగ్గర నిలపగలిగితే అప్పుడు బోర్డు ఎక్కొచ్చు. పైకి చూస్తూ బోర్డు నడిపేవాడు ఎదురుగా ఉన్న పడవని చూడడు.

అక్క: బయల్దేరేది ఎలా?

తమ్ముడు: గాలికి వీపు పెట్టి ఇసుకలో కూర్చోవాలి. బోర్డు గాలికి అడ్డంగా ఉంటుంది, కాళ్లు పట్టీల్లో, కైట్ నెత్తి మీద. కుడివైపు పోవాలంటే కైట్‌ని ఒంటిగంట దాటించి కాస్త కిందికి దింపాలి. అదే మనల్ని లేపుతుంది. లేచిన క్షణంలో బోర్డుని కొంచెం కైట్ వైపు పోనివ్వాలి, చక్రాలు కదలగానే మడమలు నొక్కి గాలికి అడ్డంగా తెచ్చుకోవాలి. లేస్తూనే మడమలు తొక్కేస్తే బోర్డు అక్కడే ఆగిపోతుంది, కైట్ మనల్ని ముందుకి బోర్లా పడేస్తుంది.

అక్క: ఆపాలంటే?

తమ్ముడు: కైట్‌ని మెల్లగా నెత్తి మీదికి తేవాలి, మడమలు నొక్కి గాలికి ఎదురు తిరగాలి. మెల్లగా అన్నది మర్చిపోవద్దు. ఒక్క ఊపున పైకి లాగితే గాల్లోకి లేస్తాం, ఎగిరే విన్యాసాలు చేసేవాళ్లు వాడేది అదే. తిరిగి రావాలన్నా కొత్తవాళ్లు యూటర్న్ కొట్టక్కర్లేదు. ఆగి, కూర్చుని, కైట్‌ని అటు పంపితే బోర్డు వెనక్కే పోతుంది, దానికి ముందూవెనకా ఒకటే. ఇప్పుడు రెండో కాలు ముందుంటుంది, అంతే తేడా.

అక్క: గాలి ఎంత ఉండాలి?

తమ్ముడు: గంటకి 12 నుంచి 19 కిలోమీటర్లు. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటాయి, తేలికపాటి జెండా విచ్చుకుని ఎగురుతుంది. దుమ్ము, కాగితాలు లేస్తుంటే 20 దాటినట్టే, ఆ రోజు కొత్తవాళ్లు ఇంటికి పోవడం మేలు. గాలి వేగం రెట్టింపు అయితే లాగుడు నాలుగు రెట్లు అవుతుంది మరి.

అక్క: మన బీచ్‌లో ఎప్పుడూ గాలే కదా.

తమ్ముడు: ఉంటుంది గానీ అది ఏ వైపు నుంచి వస్తుందో చూడాలి. మన గంజాం తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. నైరుతి గాలి తీరం వెంబడే వీస్తుంది. మనం పోయేది గాలికి అడ్డంగా కాబట్టి ఓ పక్క సముద్రంలోకి, ఇంకో పక్క సరుగుడు తోటలోకి పోతాం. సముద్రం నుంచి సూటిగా వచ్చే గాలైతే తీరం వెంట హాయిగా అటూఇటూ పోవచ్చు. గాలి కూడా కుదుపుల్లేకుండా వస్తుంది. కానీ అది మనల్ని తోటల వైపే నెడుతుంది, అందుకే వెడల్పు బీచ్ కావాలి. బాలాసోర్ దగ్గరి చాందీపూర్‌లో ఆటు సమయంలో సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది, నాకు అక్కడ నడపాలని కోరిక. పక్కనే క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది, అడక్కుండా ఎగరేయకూడదు.

అక్క: ఇసుకలో చక్రాలు కూరుకుపోవా?

తమ్ముడు: పొడి ఇసుకలో కూరుకుపోతాయి. పోటు తగ్గాక తడి ఆరీఆరకుండా గట్టిపడిన పట్టీ మీద నడపాలి. టైర్లలో గాలి కాస్త తగ్గించుకుంటే ఇంకా మంచిది. ఇరుసులు మొదట బిగుతుగా ఉంచుకోవాలి. వదులుగా ఉంటే చిన్న కదలికకే బోర్డు అటూఇటూ ఊగుతుంది. హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్‌లు తప్పనిసరి. లైన్లని మాత్రం చేత్తో పట్టుకోకూడదు, బిగువు మీద ఉంటే చర్మం కోసేస్తాయి.

అక్క: మీ స్నేహితులు రుషికుల్య వైపు పోదామంటున్నారట?

తమ్ముడు: ఆ నదీముఖం దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. సుమారు నెలన్నర తర్వాత పిల్లలు బయటకొస్తాయి. ఆ రోజుల్లో అక్కడ చక్రం దొర్లించకూడదు. ఇక్కడ కూడా పడవలు ఒడ్డుకొచ్చే వేళ, వలలు ఆరేసే చోట మేం దిగం. నోలియా జాలరి పెద్దాయన ఒకాయన ముందే చెప్పాడు, నీ దారాలు నా వలకి చుట్టుకుంటే రెండూ కోసేస్తానని.

అక్క: తెలుగులోనేనా?

తమ్ముడు: మరి? వాళ్లు మాట్లాడేది మన తెలుగే కదా.

అక్క: సరే, ఆదివారం తాడు నేను లాగుతా, బోర్డు నువ్వెక్కు.