బొమ్మలగుట్ట: ఒక శాసనం, దాని చుట్టూ ఉన్న నేల

శ్రోతలందరికీ నమస్కారం.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరు ఉంది. ఆ ఊరి దగ్గర ఉన్న చిన్న గుట్టను బొమ్మలగుట్ట అంటారు, బొమ్మలమ్మ గుట్ట అని కూడా పిలుస్తారు. ఎత్తులో చెప్పుకోదగింది కాదు. తెలంగాణలో అలాంటి రాతిగుట్టలు ఏ దారిన వెళ్ళినా కనిపిస్తాయి. అయితే తెలుగు పద్యం పుట్టుపూర్వోత్తరాలు వెతికేవారు ఈ గుట్టను దాటి వెళ్ళలేరు. ఈ గుట్టను గురించి ఎవరు మాట్లాడినా దాని బండ మీద చెక్కిన పద్యాల గురించే మాట్లాడతారు. చుట్టూ ఉన్న నేలను కూడా కలుపుకొని చూస్తే తప్ప ఆ పద్యాలు పూర్తిగా అర్థం కావని నా నమ్మకం.

ముందుగా రాయి సంగతి. ఈ ప్రాంతమంతా గ్రానైటు నేల. దాదాపు రెండువందల యాభై కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో చల్లారి గట్టిపడిన శిల, పైనున్న పొరలన్నీ కోసుకుపోయిన తరువాత ఇలా గుట్టలుగా, పరుపు బండలుగా, ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లుగా బయటపడింది. ఎండకు వేడెక్కి రాత్రికి చల్లబడే రాయి పొరలుగా పగులుతుంది. ఆ పగుళ్ళలో నిలిచిన కాస్త మట్టిలోనే సీతాఫలం, తంగేడు, బలుసు, పరికి వేళ్ళూనుతాయి. బండ మీద పడిన వాన నీరు ఇంకే వీలు లేక జారి గుట్ట అడుగుకు చేరుతుంది. ఆ నీటికి అడ్డంగా కట్ట వేస్తే అది కుంట అవుతుంది. కుంట నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరు అందుతుంది. గుట్ట ఎక్కడ ఉంటే దాని నీడన చెరువు, చెరువు కింద వరి పొలం, ఆ పక్కన ఊరు ఉండడం తెలంగాణ పల్లెల అమరిక. దీన్ని మనసులో ఉంచుకుంటే శాసనం చెప్పేది సులువుగా తెలుస్తుంది.

పదో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని వేములవాడ చాళుక్యులు ఏలారు. వారు రాష్ట్రకూటులకు సామంతులు. వారిలో రెండవ అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు పంపకవి, కన్నడిగులు తమ ఆదికవిగా కొలిచే మహాకవి. ఆ పంపని తమ్ముడు జినవల్లభుడు. వీరి పూర్వీకులు వేంగినాటికి చెందిన బ్రాహ్మణులు; తండ్రి భీమపయ్య జైనాన్ని స్వీకరించాడు. జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945 ప్రాంతంలో ఈ గుట్ట బండపై చక్రేశ్వరీదేవిని, జినమూర్తులను చెక్కించి, వాటి దగ్గరే శాసనం వేయించాడు. చక్రేశ్వరి మొదటి తీర్థంకరుడైన వృషభనాథుని శాసనదేవత, అంటే ఆయన ధర్మాన్ని కాపాడే దేవత, గరుడవాహన. శాసనం ఈ గుట్టను వృషభగిరి అని పేర్కొన్నది కూడా ఆ తీర్థంకరుని పేరు మీదనే కావచ్చు.

శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. ఒకే కుటుంబం, ఒకే బండ, మూడు భాషలు. అన్న కన్నడ కవిత్వానికి ఆద్యుడు కాగా తమ్ముడు వేయించిన శాసనంలో తెలుగు కందాలు ఉన్నాయి. ఆనాటి వారికి ఇందులో వింత ఏమీ కనిపించి ఉండదు. ఈనాడు ఎల్లలు గీసుకొని పంపడు మీవాడా మావాడా అని తగవులాడేవారు ఈ బండ ముందు కాసేపు నిలబడితే బాగుంటుంది.

తెలుగు భాగం మూడు కంద పద్యాలు. రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెనిగించడానికి ఇంచుమించు వంద ఏళ్ళ ముందటివి. తెలుగులో దొరికిన తొలి కందాలుగా పండితులు వీటిని చెబుతారు. మొదటి పద్యంలో జినాలయాలు కట్టించడంలో, జినపూజలు చేయడంలో, జైన మునులకు అన్నదానం చేయడంలో జినవల్లభునికి సాటి ఎవరని ప్రశ్న ఉంది. దాని చివరి పాదం ఇది: "జినవల్లభుఁ బోలఁగలరె జినధర్మపరుల్". దీన్ని గణాలుగా విడదీసి చూడండి. జినవ, ల్లభుఁబో, లఁగలరె, జినధ, ర్మపరుల్. అయిదు గణాలు, ప్రతిదానిలో నాలుగు మాత్రలు. మూడో గణం అన్నీ లఘువులతో నలం అయింది, చివరి అక్షరం గురువైంది, మొదటి గణానికీ నాలుగో గణానికీ "జి" అక్షరంతో యతి కుదిరింది. బడిలో పిల్లలకు నేర్పే కంద లక్షణం అంతా ఇందులో ఉంది. వెయ్యేళ్ళు దాటిన ఈ పాదాన్ని నిఘంటువు అవసరం లేకుండా ఈనాటి శ్రోత వినగానే అర్థం చేసుకోగలుగుతున్నాడంటే, అప్పటికే కందం చాలాకాలంగా నలిగిన ఛందస్సు అయి ఉండాలని నాకు అనిపిస్తుంది. కొత్తగా ప్రయత్నించేవారి చేతిలో పద్యం ఇంత నిలకడగా నడవదు.

తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలో ఈ శాసనం పేరు బాగానే వినిపించింది. అందుకు సంతోషమే. కానీ అప్పుడు కూడా పద్యాలే వార్త అయ్యాయి. అదే శాసనంలో జినవల్లభుడు ఈ గుట్ట దగ్గర చేయించిన మరికొన్ని పనుల ప్రస్తావన ఉంది. త్రిభువనతిలకం అనే బసది (జైనాలయం), కవితాగుణార్ణవం అనే చెరువు, మదనవిలాసం అనే తోట. కవితాగుణార్ణవుడు అన్నది పంపని బిరుదు. అన్న బిరుదును తమ్ముడు ఒక చెరువుకు పెట్టాడు. మహాకవికి ఎన్నో చోట్ల విగ్రహాలు లేచి ఉండవచ్చు గాని, నీళ్ళు నిండి పొలాలకు పారే స్మారకం ఇదొక్కటే నాకు తెలుసు.

తెలంగాణలో చెరువులనగానే కాకతీయులు గుర్తుకు వస్తారు, అది న్యాయమే. అయితే కాకతీయులు స్వతంత్రులు కావడానికి రెండు వందల ఏళ్ళ ముందే, ఒక కవి తమ్ముడు ఇక్కడ చెరువు వేయించి దానికి పేరు పెట్టి, ఆ పేరును రాతి మీద రాయించాడు. బసదికి వచ్చే మునులకు అన్నం పెట్టాలంటే వరి పండాలి. వరి పండాలంటే గుట్ట మీది వాన కింద నిలవాలి. పూజకు పువ్వులు కావాలంటే తోట ఉండాలి. పద్యంలో పొగిడిన అన్నదానం, శాసనం చెప్పిన చెరువు, ఈ బండ మీది నుంచి జారే వాన, మూడూ ఒకే వరుసలోవి.

ఇక బాధ కలిగించే విషయం చెప్పాలి. కరీంనగర్ గ్రానైటుకు విదేశాల్లో మంచి గిరాకీ ఉంది. గోధుమ రంగులో మచ్చలతో మెరిసే ఈ రాయిని దిమ్మెలుగా కోసి కాకినాడ రేవు దాకా పంపి ఓడలకు ఎక్కిస్తున్నారు. ఎందరో దీని మీద బతుకుతున్నారు. వారి కూలి పోవాలని నేను కోరను. కానీ జిల్లాలో ఎన్ని గుట్టలు కనుమరుగయ్యాయో దారిన పోయేవారికి కళ్ళారా తెలుసు. బొమ్మలగుట్ట చుట్టుపక్కల కూడా క్వారీల భయం తప్పలేదు. బొమ్మలున్న బండను మాత్రం వదిలిపెట్టి పక్క గుండ్లను తీస్తే ఏమవుతుందని కొందరు అడుగుతారు. రాయిలో సహజంగానే పగుళ్ళ వరుసలు ఉంటాయి. పక్కన తూట్లు పొడిచి మందు పేల్చినప్పుడు ఆ అదురు పగుళ్ళ వెంట పాకుతుంది. వెడల్పయిన సందులోకి వాన నీరు, వేళ్ళు చేరతాయి. చెక్కడం ఉన్న ముఖం పెచ్చుగా ఊడిపోవడానికి అది చాలు. అంతేకాదు, పక్క బండలు పోయి గోతులు మిగిలితే నీటి దారి మారుతుంది, కుంటలోకి రాతిపొడి చేరుతుంది, పొలం నష్టపోతుంది. కనుక రక్షణ హద్దును శాసనం ఉన్న బండ చుట్టూ కాక, గుట్ట మొత్తానికి, దాని నీరు చేరే కుంటలకు, ఆ కుంటల కట్టలకు కలిపి గీయాలి. ఊరి పాతవారు ఏ వాగు ఎటు పారేదో, ఏ మడిని ఏ పేరుతో పిలిచేవారో ఇప్పటికీ చెప్పగలరు. ఆ పేర్లను గ్రామ పటంపై ఎక్కించే పని పంచాయతీ, బడి పిల్లలు కలిసి చేయగలిగినదే, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

వేములవాడ, కొండగట్టు దర్శనాలకు వెళ్ళే శ్రోతలు దారిలో ఒక పూట కురిక్యాలకు కేటాయించవచ్చు. మిట్టమధ్యాహ్నం వద్దు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు చెక్కిన గాడిలో నీడ పడక అక్షరాలు రాయిలో కలిసిపోతాయి; వెలుతురు ఏటవాలుగా పడే వేళ వాటి గీతలు విడివిడిగా కనిపిస్తాయి. అక్షరాలు స్పష్టంగా కనబడాలని సుద్దముక్కతో దిద్దడం, సున్నం పూయడం, నూనె రాయడం చేయకండి. శాసన పరిశోధకులు తడి కాగితాన్ని రాయికి అద్ది, సిరా పూసి నకలు తీసుకుంటారు. ఆ నకలులో గాడి లోతు తెల్లగా మిగలాలంటే రాతిపై రంగు, జిడ్డు ఉండకూడదు.