ప్రాసెసర్ మంచిదే, స్పీకర్ మంచిదే, మరి స్టేజీ మీద గిటార్ ఎందుకు గరగరలాడుతోంది?

నమస్కారం. ట్యూబ్ యాంప్‌ను అటకెక్కించి, యాంప్, ఎఫెక్టుల శబ్దాన్ని డిజిటల్‌గా తయారుచేసే ప్రాసెసర్ ఒకటి, యాంప్లిఫయర్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్ ఒకటి కొనుక్కుని, ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించి మురిసిపోయి, తీరా ఆదివారం చర్చిలోనో పెళ్ళి రిసెప్షన్‌లోనో తీగ మీటగానే ముఖం వాడిపోయిన గిటారిస్టుల కోసం ఈ వీడియో. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి... ఎక్కడికి వెళ్ళినా నాకు వినిపించే మాట ఒకటే: "ఇంట్లో బాగుంది అన్నా, స్టేజీ ఎక్కితే గరగరలాడుతోంది." దానికి చాలామంది వెతుక్కునే మందు ఇంకా ఖరీదైన ప్రాసెసర్. అది మందు కాదు. ఉన్నదాన్ని ఏ స్పీకర్‌లో, ఎంత శబ్దంలో విని సెట్ చేశారన్నదే అసలు విషయం. ఈ రోజు ఆ పని చేసి చూపిస్తాను.

ముందు ఒక మాట. మన వైపు అందరూ ఈ దారికి ఎందుకు వస్తున్నారు? షామియానా, లైట్లు, డీజే బాక్సులు తెచ్చే సౌండ్ వాళ్ళ వ్యానులో గిటార్ యాంప్ ఉండదు. కావాలంటే మనమే మోసుకెళ్ళాలి. ఫెండర్ ట్విన్ రివర్బ్ అనే 85 వాట్ల ట్యూబ్ యాంప్ బరువు దాదాపు 29 కిలోలు. దాన్ని దేవరకొండ బస్సు ఎక్కించి చూడండి, కండక్టర్ మీకు కాక ముందు దానికి టికెట్ కొడతాడు. 2019లో ఆ ఫెండర్ కంపెనీయే అదే యాంప్‌ను డిజిటల్‌గా మార్చి, టోన్ మాస్టర్ పేరుతో సుమారు 15 కిలోలకు దించింది. ట్యూబులు అమ్ముకుని పేరు తెచ్చుకున్న వాళ్ళే ఈ పనికి దిగాక, డిజిటల్ అంటే నకిలీ అనే వాదనలో పస తగ్గింది. ఇలాంటి ప్రాసెసర్లలో లైన్ 6 వారి పాడ్ 1998లో వచ్చింది, కెంపర్ 2011లో, హీలిక్స్ 2015లో. ఇప్పటి యంత్రాలు కళ్ళు మూసుకుని వింటే తేడా పట్టనంత దగ్గరికి వచ్చేశాయి. చరిత్ర ఇంతటితో చాలు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. నా ప్రాసెసర్‌లో ఒక మామూలు ప్యాచ్, అంటే దాచుకున్న సెట్టింగుల వరుస, ఇది. ఎడమ నుంచి కుడికి: నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొద ఆపేది), డ్రైవ్ (శబ్దాన్ని కావాలని చీల్చేది), యాంప్, క్యాబ్, డిలే (స్వరాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించేది), రివర్బ్ (హాల్లో మోగినట్టు చేసేది). ఈ వరుసలో అందరూ యాంప్ పేరు చూసి మోజు పడతారు. నేను వేలు పెట్టేది దాని పక్కనున్న క్యాబ్ మీద. క్యాబ్ అంటే స్పీకర్ పెట్టె. కొన్ని యంత్రాల్లో దీన్ని ఐఆర్ అని చూపిస్తారు. నిజమైన పెట్టె ముందు మైకు పెట్టి, ఆ పెట్టె, మైకు కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో కొలిచి దాచిన చిన్న ఫైలు అది. దాన్ని ఒకసారి ఆపుతున్నాను, వినండి.

(క్యాబ్ ఆపి, డ్రైవ్‌తో ఒక పవర్ కార్డ్ వాయించాలి)

విన్నారుగా, తేనెటీగల రొద! యాంప్ పాడవలేదు. గిటార్ కోసం చేసిన 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డ్రైవ్‌లో పుట్టే పైస్థాయి గరగర అంతా అక్కడే ఆగిపోతుంది. మన పవర్డ్ స్పీకర్ అలా కాదు. అది పాట, మాట, కీబోర్డు అన్నీ వినిపించాలి కాబట్టి పైస్థాయి శబ్దాల కోసం పైన హారన్ ఉంటుంది, 18,000, 20,000 హెర్ట్జ్ వరకు వెళుతుంది. వడపోత లేకపోతే ఉన్న చెత్తంతా ఆ హారన్ గుండా మన చెవిలోకే. ఇప్పుడు క్యాబ్ మళ్ళీ పెడుతున్నాను.

(అదే కార్డ్ మళ్ళీ)

అందుకే మొదటి నియమం: పవర్డ్ స్పీకర్‌లోకో మిక్సర్‌లోకో వెళితే క్యాబ్ ఉండి తీరాలి. అదే ప్రాసెసర్‌ను పాత గిటార్ యాంప్ వెనక రిటర్న్ సాకెట్‌లో (బయటి ఎఫెక్టుల శబ్దం తిరిగి లోపలికి వచ్చే చోటు) పెడితే క్యాబ్ ఆపేయాలి. లేకపోతే పెట్టె మీద పెట్టె పడి, శబ్దం మందమైపోతుంది. మిర్యాలగూడలో ఒక తమ్ముడు ఇలాగే రెండూ ఉంచుకుని, గిటార్ మూగబోయిందని పికప్‌లు మార్చడానికి సిద్ధమయ్యాడు. ఒక్క బటన్‌తో పోయే జబ్బు అది.

ఇక్కడ ఇంకో సంగతి అర్థం చేసుకోవాలి. మీ ప్రాసెసర్ మీకిచ్చేది గదిలో యాంప్ ముందు నిలబడితే వినిపించే శబ్దం కాదు, ఆ యాంప్ ముందు మైకు పెట్టి రికార్డు చేస్తే వచ్చే శబ్దం. ఇష్టమైన పాటల్లో మనం విన్న గిటార్లు చాలా వరకు అలా మైకు గుండా వచ్చినవే. 1965లో వచ్చిన ష్యూర్ ఎస్‌ఎం 57 మైకును ఇప్పటికీ స్టూడియోల్లో గిటార్ పెట్టెల ముందు పెడుతున్నారు. కానీ ట్యూబ్ యాంప్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళకు ప్యాంటు అంచు కదిలే ఆ గాలి తాకిడి కావాలనిపిస్తుంది. మహబూబ్‌నగర్‌లో నా మిత్రుడొకరు దానికోసం పవర్డ్ స్పీకర్ అమ్మేసి, చిన్న పవర్ యాంప్, గిటార్ పెట్టె పెట్టుకున్నారు. ప్రాసెసర్ మాత్రం ఉంచుకున్నారు. హాల్లోకి క్యాబ్‌తో ఒక లైను, తన వెనక పెట్టెలోకి క్యాబ్ లేకుండా ఇంకో లైను. ఇది ఓటమి కాదు, మంచి ఏర్పాటు. బరువు మోసే ఓపిక ఉంటే నేను దీనికే ఓటు వేస్తాను.

ఇక అసలు చిక్కుకు వద్దాం. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో మనిషి వినికిడి మీద కొలతలు ప్రచురించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, ట్రెబుల్ మందంగా వినిపిస్తాయి, మధ్యస్థాయి శబ్దాలు మాత్రం బాగానే అందుతాయి. రాత్రి పదింటికి, పిల్లలు పడుకున్నాక, శబ్దం బాగా తగ్గించి ప్యాచ్ చేస్తారు కదా. బేస్ చాలదనిపిస్తుంది, పెంచుతారు. మెరుపు చాలదనిపిస్తుంది, ట్రెబుల్ పెంచుతారు. మిడ్, అంటే మధ్యస్థాయి, తగ్గిస్తారు. అదే ప్యాచ్ డ్రమ్స్ పక్కన పెద్ద శబ్దంతో మోగేటప్పుడు, పెంచిన బేస్ బేస్ గిటార్‌తో కొట్టుకుంటుంది, పెంచిన ట్రెబుల్ చెవిని కోస్తుంది, తగ్గించిన మిడ్ వల్ల గిటార్ గుంపులో వినబడకుండా పోతుంది. గిటార్ బతికేదే మిడ్‌లో.

కాబట్టి ప్యాచ్ చేయాల్సింది వాయించే శబ్దంలో, వాయించే స్పీకర్‌లో. కాలనీలో కుదరదు, నిజమే. వారం మధ్యలో మధ్యాహ్నం చర్చి ఖాళీగా ఉంటుంది, పాస్టర్ గారిని అడిగితే తాళం ఇస్తారు. ఫంక్షన్ హాలు అయితే సౌండ్ వాళ్ళు బాక్సులు దించే సమయానికే వెళ్ళండి. అతిథులు వచ్చే లోపు దొరికే ఆ కాస్త సమయం ఇంట్లో వారం రోజుల సాధన కన్నా ఎక్కువ నేర్పుతుంది.

ఇప్పుడు చేసి చూపిస్తాను. స్పీకర్ శబ్దాన్ని డ్రమ్స్‌తో సమానంగా పెంచాను. ముందుగా క్యాబ్‌లో లో-కట్, అంటే కింది శబ్దాలను కోసేది. ఆరో తీగ ఖాళీగా మీటితే దాని మూలస్వరం 82 హెర్ట్జ్. దాని కిందున్న శబ్దం గిటార్‌కు పనికిరాదు, హాలును గుమగుమలాడిస్తుంది, అంతే. నేను 90 దగ్గర పెడుతున్నాను. బ్యాండులో బేస్ గిటార్ ఉంటే 110, 120 వరకు కూడా ధైర్యంగా వెళ్ళండి. తర్వాత హై-కట్, పై శబ్దాలను కోసేది. 8,000 నుంచి మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ రండి... 7,000... 6,500... ఇదిగో, గరగర పోయింది, తీగ స్పష్టత ఉంది. ఇక్కడ ఆపుతున్నాను. ఈ రెండు మీటల తర్వాతే యాంప్ మీద చేయి పెట్టాలి. డ్రైవ్ కూడా ఇంట్లో పెట్టినంత అక్కర్లేదు, పావు వంతు తగ్గించండి. శబ్దం పెరిగాక తక్కువ డ్రైవే ఎక్కువగా వినిపిస్తుంది.

రివర్బ్ గురించి గట్టిగా చెబుతాను: సగానికి సగం కోయండి. మన ఫంక్షన్ హాళ్ళలో నేలంతా టైల్స్, గోడలన్నీ సిమెంటు, కొన్ని చర్చిల పైన రేకులు. రివర్బ్ ఆ హాలే ఉచితంగా ఇస్తుంది.

స్పీకర్ వెనకకు రండి. ఇక్కడ ఒక స్విచ్ మీద మైక్, లైన్ అని ఉంది. లైన్‌లో ఉండాలి. మైక్‌లో పెడితే ప్రాసెసర్ నుంచి వచ్చే బలమైన సిగ్నల్‌కు లోపలే చీలిక వస్తుంది, మీరేమో యాంప్ డ్రైవ్ అనుకుంటారు. ఇంకో బటన్‌తో డీజే, లైవ్, ఫ్లాట్ అని మారుతుంది. ఫ్లాట్. డీజే అంటే బేస్, ట్రెబుల్ పెంచేయడం, ఇప్పటిదాకా మనం పడ్డ శ్రమంతా మట్టిలో కలపడం. పెట్టె మీద రాసిన 2,000 వాట్ల అంకెను చూసి మురిసిపోకండి, అది క్షణకాలపు గరిష్ఠం. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. కొనేటప్పుడు గరిష్ఠ డెసిబెల్ అంకె అడగండి.

స్పీకర్‌ను ఎక్కడ పెట్టాలి? నేల మీద, గోడ మూలకు నెట్టి పెడితే బేస్ ఉబ్బుతుంది. మోకాళ్ళకు వినిపిస్తుంది, చెవులకు వినిపించదు. కాస్త ముందుకు లాగి, వెనక్కి వాల్చి, హారన్ మీ ముఖం వైపు చూసేలా పెట్టండి. కుర్చీ మీద పెట్టినా తప్పు లేదు, జారకుండా కట్టండి.

హాల్ మిక్సర్‌కు వెళ్ళే లైను వేరుగా తీయండి. మీ స్పీకర్ వాల్యూమ్ తిప్పితే హాల్లో మారకూడదు. చాలా ప్రాసెసర్లలో మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఒకటి, మామూలు జాక్ ఒకటి ఉంటాయి, వాటి శబ్దాన్ని విడివిడిగా పెట్టుకునే వీలు మెనూలో ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ హాలుకు, జాక్ మీకు. స్టీరియో మోజు వద్దు. ఆపరేటర్ ఒకే చానల్ ఇస్తాడు, ఎడమ వైపు వైరే పెడతాడు, ఎడమకూ కుడికీ మారుతూ మోగే మీ పింగ్‌పాంగ్ డిలేలో సగం గాలిలో కలుస్తుంది. మోనోలోనే, అంటే ఒకే లైనులో, ప్యాచ్ చేయండి. ఆపరేటర్‌తో మర్యాదగా, "అన్నా, నా చానల్‌లో ఫాంటమ్ ఆపండి, ఈక్యూ మధ్యలో ఉంచండి" అని ముందే చెప్పండి. ఫాంటమ్ అంటే మైకుల కోసం వైరులో పంపే కరెంటు, ఈక్యూ అంటే బేస్, మిడ్, ట్రెబుల్ మీటలు. గిటార్ నేరుగా వైరులో రావడం అతనికీ హాయి. మైకు స్టాండు అక్కర్లేదు, ఈలలు లేవు.

కరెంటు దగ్గర మాత్రం జాగ్రత్త. 50 హెర్ట్జ్ హమ్ వస్తే ప్రాసెసర్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ (ఆడియో వైరులోని ఎర్త్ కలయికను మాత్రమే విడదీసేది) నొక్కండి. ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకవద్దు, ఎవరు చెప్పినా సరే. మైకు పెదవికి తగులుతుంది, చేతిలో ఇనుప తీగలుంటాయి, ప్రాణాలతో చెలగాటం అది. మన ఎండాకాలం పెళ్ళిళ్ళలో కరెంటు పోవడం, జనరేటర్ అందుకోవడం మామూలే. ఆ మధ్య క్షణంలో ప్రాసెసర్ ఆరిపోతే మళ్ళీ తెరుచుకోవడానికి టైము తీసుకుంటుంది, కొన్నింటికి పాట సగం అయిపోతుంది. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ దీనికి సరిపోతుంది. స్పీకర్‌ను దానికి తగిలించకండి.

తీగ మీటాక శబ్దం రావడంలో ఆలస్యం గురించి అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రాసెసర్ కొన్ని మిల్లీసెకన్లే తీసుకుంటుంది. శబ్దం గాలిలో మీటరు దాటడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, యాంప్‌కు ఒకటి రెండు మీటర్లు దూరం జరిగినంత తేడా. కానీ బ్లూటూత్ పార్టీ స్పీకర్‌కు గిటార్ పంపాలని చూడకండి. దాని ఆలస్యం ఎన్నో రెట్లు ఎక్కువ, తీగ మీటాక స్వరం తీరికగా వస్తుంది. వైరు పెట్టండి.

డబ్బులు లేని విద్యార్థులకు ఒక దారి. స్టీవెన్ అట్కిన్సన్ రాసిన న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. యాంప్ మోడళ్ళు కూడా ఉచితంగా దొరుకుతాయి. వాటిలో కొన్నింటికే క్యాబ్ కలిసి ఉంటుంది, మిగతావాటికి ఐఆర్ మీరే జోడించాలి. స్టేజీ మీద ల్యాప్‌టాప్ అంటే నాకు భయమే, ఇంట్లో సాధనకు మాత్రం ఇంతకన్నా చవకైనది లేదు. మీ చర్చిలో ఇప్పటికే మంచి యాంప్ శాశ్వతంగా ఉండి, మీరు వాడేది ఒక క్లీన్, ఒక డ్రైవ్ మాత్రమే అయితే ఏమీ మార్చకండి. ఆ డబ్బుతో గిటార్‌కు మంచి సెటప్ చేయించుకోండి.

చివరిగా ప్యాచ్‌ల మధ్య శబ్దం సరిచూడాలి. క్లీన్ వాయించండి, డ్రైవ్ వాయించండి, పక్కన ఒకరిని నిలబెట్టి ఏది ఎక్కువో అడగండి. మీ కళ్ళు మీటర్ల మీద ఉంటే చెవులు మోసపోతాయి. సోలోకు 3 డెసిబెల్స్, మిడ్ కొద్దిగా పెంచి వేరే ఫుట్‌స్విచ్‌కు ఇవ్వండి. ఇప్పుడు సేవ్ చేయండి, ఇంట్లో ప్యాచ్ మీద కాదు, పక్క ఖాళీలో "హాలు" అని పేరు పెట్టి. ఆన్ చేసేటప్పుడు ప్రాసెసర్ ముందు, స్పీకర్ తర్వాత. ఆపేటప్పుడు స్పీకర్ ముందు, ప్రాసెసర్ తర్వాత. తిరగేస్తే వచ్చే ఆ ఢబ్ శబ్దం హారన్‌కు మంచిది కాదు.