15 వేల రూపాయల్లో బండిని ఆపడం ఎట్లా?

అందరికీ నమస్కారం. కడపలో, మే నెల మధ్యాహ్నం, ఫ్యాను కింద పడుకోవడం మానేసి బ్రేకుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మీ బండ్లు కూడా నా బండిలాగే కిర్రుకిర్రుమంటున్నాయన్నమాట. ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ను కాను. 2008 మోడల్ చిన్న కారు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని, దాని చేత పాఠాలు చెప్పించుకున్నవాణ్ణి, అంతే.

రెండేళ్ల కిందట రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో ఆగి, కోవా కట్టించుకుని, ఘాట్ దిగుతున్నాం. బండిలో ఐదుగురం, డిక్కీలో బియ్యం మూట, ముందర లోడు లారీ. నేనేమో టాప్ గేరులోనే, బ్రేకు మీద పెట్టిన కాలు తీయకుండా దిగుతున్నా. నాలుగైదు మలుపులయ్యాక పెడల్ మెత్తబడింది, ఆ తర్వాతి మలుపులో నేలకు తగిలింది. హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, గేర్లు తగ్గించుకుంటూ ఎట్లనో పక్కన మట్టిలో ఆపాను. అరగంట తర్వాత తొక్కి చూస్తే పెడల్ గట్టిగా, ఏమీ జరగనట్టే ఉంది! మా మామ వీరభద్రస్వామి కాపాడినాడన్నాడు. కాపాడే ఉంటాడు, నేను కాదనను. కానీ పెడల్ పోయింది మాత్రం నా పిసినారితనం వల్ల.

బ్రేకు ఆయిల్ అంటాం కదా, అది ఆయిల్ కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. డాట్ 3 అయితే 205, తేమ పడితే 140. ఘాట్‌లో అదేపనిగా బ్రేకు తొక్కితే, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు వేడి ఆ ద్రవానికీ చేరుతుంది, అది మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది, అందుకే కాలు కిందికి దిగిపోతుంది. చల్లారితే బుడగలు పోయి పెడల్ తిరిగొస్తుంది. హ్యాండ్‌బ్రేకుకు కేబులే తప్ప ఈ ద్రవంతో పని లేదు కాబట్టి ఆ రోజు బతికిపోయాం. ఒకవేళ పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే, అది డిస్కును నొక్కి పట్టే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోవడం, ఆ జబ్బు వేరు.

రెండేళ్లకోసారి మార్చాల్సిన ద్రవాన్ని నేను కొన్నప్పటి నుంచీ ముట్టుకోలేదు, నా ముందు ఓనరు ముట్టుకున్నాడో లేదో దేవుడికే తెలియాలి. ఖర్చెంతంటారా? సీసా, కూలీ కలిపి వెయ్యి లోపే.

ఆ భయంలో మొదట నేనూ అందరిలాగే పెద్ద డిస్కులు, వెడల్పు టైర్లు, అల్లాయ్ చక్రాలు అని ఫోన్‌లో వెతికాను. పెద్ద డిస్కు పట్టాలంటే పెద్ద చక్రం కావాలి, ఆ చక్రానికి వేరే టైరు, ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాడు క్లెయిమ్ రోజున "ఇదెవరు మార్చమన్నారు?" అంటాడు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా ఉంది. నా చేతిలో ఉన్నది 15 వేలు. అందుకని కొత్తవి తగిలించే ఆలోచన మానుకుని, అరిగినవన్నీ తీసి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి తీరుకు తెద్దామనుకున్నా. పదహారేళ్ల బండికి అంతకన్నా పెద్ద అప్‌గ్రేడ్ లేదు, నన్నడిగితే.

ద్రవం తర్వాత ముందు చక్రాల ప్యాడ్లు, వెనక చక్రాల డ్రమ్ము లోపల ఒరుసుకునే షూలు. డిస్కు కనీస మందం ఎంతో చాలావరకు డిస్కు మీదే ఉంటుంది, అంతకన్నా అరిగితే లేత్ మిషను మీద చెక్కించొద్దు, మార్చేయండి. వెనక డ్రమ్ము విప్పినప్పుడు షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి చూడండి, తడి ఉంటే కొత్త షూలు వేసినా దండగే. ఆ దుమ్మును మాత్రం ఎయిర్ కొట్టి లేపకండి, పాత షూలలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. ప్యాడ్లు మార్చాక ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 10 దాకా పదిసార్లు మెల్లగా తగ్గిస్తే డిస్కుకు బాగా కూర్చుంటాయి.

ఇక షాకబ్జర్లు. యర్రగుంట్ల దారిలో లారీలు తొక్కిన రోడ్లు, ఊరూరా ఇంటి ముందర సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఉన్న మనకు ఇవి తొందరగా పోతాయి. బానెట్ మూల నొక్కి వదిలితే ఒకటి రెండు ఊపుల్లో ఆగకపోతే అనుమానించండి, షాకబ్జరు ఒంటి మీద ఆయిల్ కారుతుంటే ఇక అనుమానమే లేదు. జతగానే మార్చాలి, ఒక్కటి మార్చడం అంటే ఒక కాలికే చెప్పు వేసుకున్నట్టు. ముందు చక్రాల స్ట్రట్ (షాకబ్జరు, దాని చుట్టూ స్ప్రింగు కలిసిన భాగం) స్ప్రింగ్ మాత్రం ఇంట్లో విప్పకండన్నా, తాళ్లు కట్టి విప్పినవాళ్లను చూశాను, అది ఎగిరిందంటే ప్రాణం మీదికొస్తుంది. స్ప్రింగు కోసి బండిని కిందికి దించడం, స్ప్రింగు మధ్యలో రబ్బరు బఫర్లు దూర్చి పైకి లేపడం, రెండూ నాకు నచ్చవు. బఫరు పెడితే అడుగు తగలదు నిజమే, కానీ స్ప్రింగు గట్టిపడి ఆ దెబ్బంతా పైన స్ట్రట్‌ను బాడీకి బిగించే మౌంటుకు, మీ నడుముకు వెళ్తుంది.

నా బండిలో టకటక శబ్దానికి షాకబ్జర్లు కారణమనుకున్నా, తీరా చూస్తే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్‌లు. వందల్లో అయిపోయింది. కానీ మూడు నెలలకే ఒక బుష్ చీలింది. తప్పు రబ్బరుది కాదు, బిగించిన తీరుది. బండి జాకీ మీద ఉండగా, చక్రం వేలాడుతున్నప్పుడే ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగించేశారు. బండి నేలకు దించగానే రబ్బరు మెలిపడింది, ఆ మెలికతోనే తిరిగి తిరిగి చిరిగింది. బోల్టు చేత్తో బిగించి, బండిని చక్రాల మీద దించి, బరువు పడ్డాక అప్పుడు చివరి బిగింపు. ఈ ఒక్క మాట మీ మెకానిక్‌కు చెప్పండి. కొంచెం చిరాకు పడతాడు, పడనీయండి. ఆ తర్వాత చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి.

మొత్తం 14 వేల చిల్లర అయింది, టైర్లు కాక. టైర్ల పక్కన అంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. టైరు మీది గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం కూడా ఒప్పుకోదు. స్పీడు రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది, ఎంత మంచి బ్రేకైనా చివరికి రోడ్డును పట్టుకునేది ఆ రబ్బరే.

పోయిన నెల మళ్లీ అదే ఘాట్, అదే ఐదుగురం. ఈసారి పైనుంచే రెండో గేరు, ఇంజనే పట్టుకుంది, వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ అనుకున్నా. బండి బయటే ఉంది, జాకీ కూడా తెచ్చాను, బుష్ చూపిస్తా రండి. ముందు దాన్ని నీడలోకి తోయడానికి ఇద్దరు చెయ్యి వేయాలి.