పాట్రిక్ పండగ, పబ్బు మర్యాద

అందరికీ నమస్కారం.

ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరు తెస్తారన్న పంచాయితీ ఇప్పుడే తేలింది కాబట్టి అందరి నోళ్లూ కొంచెం చేదుగానే ఉండుంటాయి. కమిటీ వాళ్లు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. ఈసారి మంగళవారం ఇక్కడి ఐరిష్‌వాళ్ల సెయింట్ పాట్రిక్స్ డే, గురువారం మన ఉగాది. కొత్తగా వచ్చిన పిల్లలు "అంకుల్, ఆ రోజు పబ్‌కి వెళ్తే ఏం చెయ్యాలి? తాగనివాళ్లు వెళ్లొచ్చా? తినడానికి ఏముంటుంది?" అని అడుగుతున్నారట. డబ్లిన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను కదా అని ఆ క్లాసు నా మెడకు చుట్టారు.

పబ్ అనగానే మన కళ్ల ముందుకు రెండు బొమ్మలొస్తాయి. ఒకటి జూబ్లీహిల్స్ బొమ్మ: చీకటి, డీజే, గేటు దగ్గర బౌన్సర్. రెండోది మన ఊళ్లో వైన్ షాపు పక్కన పర్మిట్ రూము: ప్లాస్టిక్ గ్లాసు, ఉడకబెట్టిన గుడ్డు, ఎవరో ఒకరు ఏడుపు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ నేల మనది. "పబ్‌కి వెళ్తున్నా" అని ఫోన్‌లో చెబితే ఇంట్లో అమ్మకి టెన్షన్ పుట్టడంలో తప్పేమీ లేదు. మా అమ్మయితే ఆ మాట విన్నాక నా కోసం శనివారాలు ఒక్కపొద్దు ఉండటం మొదలుపెట్టింది.

ఇక్కడి పబ్‌ని అర్థం చేసుకోవాలంటే మన రచ్చబండకి పైకప్పు వేసి, మూలన చలిమంట పెట్టి చూడండి. పబ్ అంటేనే పబ్లిక్ హౌస్, ఊరుమ్మడి ఇల్లు. తలుపు మీద చాలాచోట్ల యజమాని ఇంటిపేరే ఉంటుంది. వెనకటికి ముందు గదిలో కిరాణా, వెనక గదిలో బార్. పల్లెల్లో కొందరు పబ్ యజమానులు శవపేటికల వ్యాపారం కూడా చేసేవారు. పెళ్లి మాటలూ, ఎడ్ల బేరాలూ, చావు ఖర్చులూ ఒకే కౌంటర్ మీద తెమిలేవన్నమాట. పాత పబ్బుల్లో తలుపు పక్కనే చెక్క అడ్డుగోడ, చిన్న కిటికీ ఉన్న బుల్లి గది కనిపిస్తుంది. దాన్ని స్నగ్ అంటారు. ఆడవాళ్లు, పాదిరీలు, ఊరి కంట పడకూడదనుకున్నవాళ్లు అందులో కూర్చుని తాగేవారు. ఇప్పుడు ఆ గది కోసం అందరూ పోటీ పడతారు.

సరే, పాట్రిక్ ఎవరు? ఐదో శతాబ్దం మనిషి, అసలు ఐరిష్‌వాడే కాదు. రోమన్ల ఏలుబడిలోని బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్ల వయసులో దోపిడీగాళ్లు ఎత్తుకొచ్చి ఇక్కడ బానిసను చేశారు. ఆరేళ్లు మందలు కాసి, పారిపోయి, మళ్లీ మత ప్రచారకుడిగా తిరిగొచ్చాడు. మార్చి 17 ఆయన వర్ధంతి. పాముల్ని తరిమేశాడనే కథ మీరు వినే ఉంటారు. మంచుయుగం తర్వాత ఈ దీవికి పాములు చేరనే లేదు కాబట్టి ఆ పని చాలా సులువైపోయింది. మూడు రేకుల షామ్‌రాక్ ఆకు చూపించి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని బోధించాడంటారు. మారేడు దళంతో శివపూజ చేసే మనకి ఆ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఈ రోజు మనం చూసే పాట్రిక్స్ డే చాలావరకు వలస వెళ్లినవాళ్లు కట్టిన పండగ. న్యూయార్క్‌లో మొదటి ఊరేగింపు 1762లో జరిగింది, అమెరికా అనే దేశం పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందు. నడిచింది బ్రిటిష్ సైన్యంలో కొలువు చేస్తున్న ఐరిష్ సైనికులు. తర్వాత 1845లో ఇక్కడ ఆలుగడ్డ పంటకి తెగులు తగిలింది (మా మదనపల్లె వైపు ఉర్లగడ్డ అంటాం, ఇకపై అదే అంటాను). ఆ కరువులో దాదాపు పది లక్షలమంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షలమంది ఓడలెక్కారు. పరాయి ఊళ్లో "ఐరిష్‌వాళ్లకి పని లేదు" అనిపించుకున్నవాళ్లు ఏడాదికొక రోజు ఛాతీ విరుచుకుని వీధి మధ్యలో నడిచారు. మనం ఇక్కడ హాలు అద్దెకి తీసుకుని, కుక్కర్లు మోసుకొచ్చి ఉగాది చేస్తున్నామా, అచ్చం అలాగే.

ఇక్కడ మాత్రం అది చర్చికి వెళ్లే రోజు. 1903లో ప్రభుత్వ సెలవైంది. ఆ తర్వాత 1927 నాటి మద్యం చట్టం ప్రకారం క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, పాట్రిక్స్ డే, ఈ మూడు రోజులూ పబ్బులకి తాళం! అవును, నవ్వకండి. ప్రపంచమంతా ఐర్లాండ్ పేరు చెప్పి తాగుతున్న రోజున ఐర్లాండ్‌లో చుక్క దొరికేది కాదు. డబ్లిన్‌లో బాల్స్‌బ్రిడ్జ్ దగ్గర రాయల్ డబ్లిన్ సొసైటీ ఆవరణలో జరిగే కుక్కల ప్రదర్శనలో మాత్రం బార్ ఉండేది. దాంతో ఆ ఒక్కరోజు నగరంలో పెద్దమనుషులకి కుక్కల మీద ప్రేమ పొంగుకొచ్చేది. ఈ తాళం 1960 నాటి చట్టంతో పోయింది, గుడ్ ఫ్రైడే తాళమైతే 2018 దాకా ఉంది. డబ్లిన్‌లో ఇప్పుడు మనం చూసే పెద్ద ఫెస్టివల్ 1996లో మొదలైంది. అంటే బయట పెరిగిన పిల్ల పట్నం చీర కట్టుకుని పుట్టింటికొచ్చినట్టు, పండగ తిరిగి ఇంటికొచ్చింది.

ఆకుపచ్చ బీరు కూడా అటునుంచి వచ్చిందే. న్యూయార్క్‌లో 1914 నాటికే దాని మాట వినిపించింది. చికాగోలో నదికే రంగు వేస్తారు, 1962 నుంచి. మురుగు ఎక్కడ లీకవుతోందో కనిపెట్టడానికి ప్లంబర్లు వాడే రంగుతో ఆ ఆలోచన పుట్టింది. మొదటి ఏడాది నలభై ఐదు కిలోల దాకా కలిపితే నది దాదాపు వారం రోజులు పచ్చగానే ఉండిపోయింది. ఇక్కడ మామూలు పబ్‌లో మాత్రం ఆకుపచ్చ బీరు అడక్కండి. ఆవకాయలో చక్కెర ఉందా అని అడిగినవాడిని మనం ఎలా చూస్తామో అలా చూస్తారు. ఇంకొకటి, పండగ పేరు ముద్దుగా పలకాలంటే "పాడీస్ డే", "పాటీస్" అంటే ఇక్కడివాళ్లకి ఒళ్లు మండుతుంది.

తిండి సంగతి. అమెరికాలో ఆ రోజు కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ తింటారు. ఇక్కడ ఇళ్లలో ఉడికేది పంది మాంసం బేకన్, క్యాబేజీ. న్యూయార్క్ చేరినవాళ్లకి యూదుల కొట్లలో ఉప్పుబెట్టిన గొడ్డు మాంసం చౌకగా దొరికింది, వంటకం మారిపోయింది. ఈ రెండూ ముట్టనివాళ్లు మనలో చాలామంది. మీకు కాల్‌కానన్ ఉంది: ఉడికించి చిదిమిన ఉర్లగడ్డలో క్యాబేజీయో కేల్ ఆకో కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న వేస్తారు. మన పప్పన్నంలో నెయ్యి గుంటే అనుకోండి. ఒక్కోచోట బేకన్ ముక్కలు కలుపుతారు, అడిగి తినండి. కూరగాయల సూపుతో సోడా బ్రెడ్ ఇస్తారు. ఈస్టు ఉండదు, మజ్జిగా వంటసోడా కలిసి పొంగిస్తాయి. పైన కత్తితో పెట్టిన అడ్డగాటు చూస్తే అర్థమైపోతుంది. శాకాహారులకి ఇంకో ఊరట: గిన్నిస్ అనే ఇక్కడి నల్ల బీరు వడకట్టడానికి ఒకప్పుడు చేపల గాలిసంచి నుంచి తీసిన పదార్థం వాడేవారు, కొన్నేళ్ల క్రితం మానేశారు.

గిన్నిస్ పేరొచ్చింది కాబట్టి చెబుతాను. ఆర్థర్ గిన్నిస్ 1759లో ఇక్కడి సెయింట్ జేమ్స్ గేట్ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్లకి తొమ్మిది వేల ఏళ్ల లీజుకి తీసుకున్నాడు. మన గచ్చిబౌలిలో పదకొండు నెలల అగ్రిమెంట్లు రాసుకునేవాళ్లం ఒకసారి ఆ అంకె తలుచుకోవాలి. దాన్ని పోసే తీరు చూడండి. గ్లాసు నలభై ఐదు డిగ్రీలు వంచి ముప్పావు వంతు నింపుతారు. కౌంటర్ మీద పెట్టేసి వేరే పని చూసుకుంటారు. లోపల మట్టి రంగు నురగ గోడల వెంట కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది. బుడగలు పైకి కదా పోవాలి? గ్లాసు మధ్యలో అవి పైకే పోతాయి, అంచుల దగ్గర ద్రవం కిందికి దిగుతూ వాటిని కూడా లాక్కుపోతుంది. మెల్లగా నలుపు అడుగు నుంచి పైకెక్కి, మీద తెల్లటి పెరుగు మీగడ లాంటి పొర నిలుస్తుంది. అప్పుడు మిగతాది పోస్తారు. కంపెనీ లెక్కలో మొత్తం 119.5 సెకన్లు. ఫిల్టర్‌లో డికాక్షన్ దిగేదాకా ఆగినట్టు ఆగాలి. "బ్రదర్, కొంచెం తొందరగా" అనకూడదు. తాగనివాళ్లకి గిన్నిస్ జీరో జీరో ఉంది, టీ ఉంది. ఈ దేశంలో జీవితాంతం చుక్క ముట్టమని ఒట్టేసి కోటుకి పయనీర్ పిన్ను పెట్టుకునేవాళ్ల సంఘం 1898 నుంచీ ఉంది. టీ అడిగితే ఎవరూ వింతగా చూడరు.

ఇప్పుడు అసలు విషయం. నేను వచ్చిన మొదటి ఏడాది పాట్రిక్స్ డేకి ఆఫీసులో ముగ్గురు నన్ను పబ్‌కి తీసుకెళ్లారు. నేను బుద్ధిగా బల్ల దగ్గర కూర్చుని సర్వర్ కోసం అరగంట ఎదురుచూశాను. ఎవరూ రారు, కౌంటర్ దగ్గరికి మనమే వెళ్లాలి. ఒకతను లేచి అందరికీ తెచ్చాడు, నాకు ఆరెంజ్ జ్యూస్. తర్వాత రెండో అతను. తర్వాత మూడో అతను. "ఎంత మంచివాళ్లు" అనుకుని, ఆఖరి బస్సు పోతుందని థాంక్స్ చెప్పి వచ్చేశాను. మర్నాడు ఎవరూ ఏమీ అనలేదు. కానీ టీ తాగడానికి పిలవలేదు. నాలుగు రోజుల తర్వాత ఒక పెద్దాయన పక్కకి తీసుకెళ్లి, "నాలుగో రౌండు నీది" అన్నాడు.

ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనే ఈ రౌండ్ల పద్ధతిని మన చదివింపుల పద్దుతో పోల్చుకోండి. మన పెళ్లికి వాళ్లు ఎంత చదివించారో మనింట్లో పుస్తకంలో ఉంటుంది, వాళ్ల పెళ్లికి మనం వెళ్లి తీర్చాలి. ఇక్కడ పుస్తకం ఉండదు, అందరి బుర్రలోనూ ఉంటుంది. మీరు జ్యూస్ తాగినా సరే, మీ వంతు రౌండు మీదే. మధ్యలో వెళ్లిపోవాలంటే మొదటి రౌండు మీరే కొనెయ్యండి, గొడవ వదిలిపోతుంది. పండగ రోజు గుంపు పెద్దదైతే ముందే "నా సంగతి నేను చూసుకుంటా" అని చెప్పినా తప్పు పట్టరు. స్టూడెంట్లకి నేనిచ్చే సలహా అదే. ఎనిమిదిమంది గుంపులో రౌండు పడితే నెల సరుకుల డబ్బు ఎగిరిపోతుంది.

ఊరేగింపు పార్నెల్ స్క్వేర్ దగ్గర మధ్యాహ్నం పన్నెండుకి మొదలై ఓకానెల్ వీధి మీదుగా వస్తుంది. చూడండి, పిల్లల్ని భుజాలెక్కించుకోండి. తర్వాత మాత్రం అందరితో పాటు టెంపుల్ బార్ అనే పేట వైపు తోసుకుపోకండి. అక్కడ మీకు ప్లాస్టిక్ టోపీలు పెట్టుకున్న మనలాంటి పరాయివాళ్లే దొరుకుతారు, రేటూ ఎక్కువ. మీ ఇంటికి నడిచే దూరంలో ఉన్న పబ్‌కి వెళ్లండి. చిన్నపిల్లలుంటే సాయంత్రమే చూసుకోండి, మార్చిలో రాత్రి తొమ్మిది దాటాక బార్‌లో వాళ్లని ఉండనివ్వరు.

అదృష్టం బావుంటే సెషన్ తగులుతుంది. ఒక మూల ఐదారుగురు కూర్చుని ఫిడేలు, వేణువు, టిన్ విజిల్, మేకతోలు బిగించిన బౌరాన్ అనే డప్పు వాయిస్తుంటారు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు. వాళ్లు మనకోసం వాయించరు, ఒకరికోసం ఒకరు వాయించుకుంటారు. మన రామమందిరంలో శనివారం భజన లాగా. వాళ్ల కుర్చీల్లో కూర్చోకండి. ఎవరైనా వాయిద్యాలు ఆపి గొంతెత్తి పాడితే ఫోన్ జేబులో పెట్టి నోరు మూసుకోండి, పబ్ మొత్తం మూసుకుంటుంది.

టైమైపోయిందని కమిటీ వాళ్లు వాచీ చూపిస్తున్నారు. ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. మనకంటే ముందు ఇక్కడికి వచ్చినవాళ్లున్నారు. వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వచ్చి, 1916లో వెనక్కి వెళ్లారు. అటువైపు నుంచి మా ఊరికి వచ్చినావిడ మార్గరెట్ కజిన్స్. రాస్‌కామన్ కౌంటీలో బాయిల్ అనే చిన్న ఊరు ఆవిడది. 1919లో ఠాగూర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమనకి స్వరాలు రాసి పెట్టింది ఆవిడే. నేను చదివిన ఊరు కదా, ఒక ఏడాది పాట్రిక్స్ డేకి బాయిల్ వెళ్లాను. పబ్‌లో పక్కన కూర్చున్న ముసలాయన "ఇండియాలో ఎక్కడ?" అన్నాడు. మదనపల్లె అన్నాను, కజిన్స్ కథ చెప్పాను. "ఏదీ, ఆ పాట ఎలా ఉంటుంది?" అన్నాడు. మెల్లగా కూనిరాగం తీశాను. మూలనున్న ఫిడేలు మనిషి రెండు వరసలు విని పట్టేసుకుని మొదటినుంచీ ఎత్తుకున్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేచి నిలబడ్డాను. బార్‌లో జాతీయగీతం ఏమిటని మీలో ఎవరైనా అనొచ్చు, ఆ క్షణాన నాకు తోచలేదు. నన్ను చూసి ముసలాయన లేచాడు, తర్వాత పక్క బల్లవాళ్లు, తర్వాత గదంతా, ఎందుకో తెలియకుండానే. కౌంటర్ మీద నా పైంట్ ముప్పావు వంతు నిండి ఉంది. పాట ఆగేదాకా బార్ మనిషి దాన్ని ముట్టుకోలేదు.