విజయనగరం అంటే ఏ విజయనగరం?

(గ్రంథాలయ వారోత్సవాల్లో విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో కూర్చున్న కాలేజీ పిల్లలకు ముందే చెప్పేస్తున్నాను, నేను ప్రొఫెసర్ని కాను. ఆర్.ఎం.ఎస్.లో సార్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆర్.ఎం.ఎస్. అంటే రైల్వే మెయిల్ సర్వీస్. కదిలే రైలు పెట్టెలో నిలబడి రాత్రంతా ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసే పని. ఎదురుగా గోడ పొడుగునా గళ్ళు గళ్ళుగా చెక్క అర ఉండేది, పావురాల గూళ్ళలాగా. ఒక్కో గడికి ఒక్కో ఊరు. ఎడమచేతిలో ఉత్తరాల కట్ట, కుడిచేత్తో విసరడం. చెయ్యి అలవాటు పడ్డాక గడి మీది పేరు కూడా చూడం, రైలు ఊగినా ఉత్తరం దాని గడిలోనే పడేది.

ఆ ఉద్యోగంలో మనిషి మొహం కనిపించదు. కనిపించేదల్లా ఊరి పేరే. అందుకే ఈ పేర్ల పిచ్చి పట్టింది నాకు. ఏదో ఒకటి మాట్లాడమని గ్రంథాలయం వారు అడిగినప్పుడు, నాకు తెలిసింది ఇదొక్కటే బాబూ అని చెప్పాను. సంబంధం లేని ఊళ్ళకి, వస్తువులకి ఒకే పేరు ఎలా వస్తుంది, వస్తే మనం ఎలా తిప్పలు పడతాం అన్న సంగతి.

మా సెట్టులో, అంటే రైల్లో కలిసి పనిచేసే జట్టులో, ముగ్గురు సింహాచలాలు ఉండేవారు. మనవైపు అది ఆశ్చర్యం కాదు కదా, వీధికో అప్పలనాయుడు, ఇంటికో పైడిరాజు. ఒకాయన పొడుగు సింహాచలం, ఒకాయన బొబ్బిలి సింహాచలం, మూడోవాడు అందరికన్నా చిన్న కాబట్టి సింహాచలం గుంటడు. రైలు సింహాచలం స్టేషన్లో ఆగినప్పుడు ఎవరైనా ‘సింహాచలం వచ్చింది’ అంటే చాలు, ముగ్గురూ ఒకేసారి తలెత్తేవారు. నవ్వుకునేవాళ్ళం. కానీ ఇక్కడ ముగ్గురు మనుషులకీ ఆ కొండకీ సంబంధం ఉంది. కొండ మీది అప్పన్న దేవుడి పేరే ముగ్గురికీ పెట్టారు. ఆ పేరు కొండ దిగి ఇళ్ళలోకి వచ్చింది.

మరి మన విజయనగరం సంగతేమిటి? హంపీ యాత్రకి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన నన్నడిగారు, “ఏ ఊరండీ?” అని. విజయనగరం అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, “అయితే ఇదంతా మీవాళ్ళు కట్టిందే అన్నమాట” అన్నారు. అవునంటే అబద్ధం, కాదంటే చిన్నతనం. ఊరికే తలాడించాను.

ఆ విజయనగరం 1336లో హరిహరుడు, బుక్కరాయలు తుంగభద్ర ఒడ్డున నిలబెట్టింది. 1565లో తళ్ళికోట యుద్ధంతో కూలింది. అది కూలిన నూటయాభై ఏళ్ళకి గాని మన కోటకు పునాది పడలేదు. 1713లో పూసపాటి విజయరామరాజుగారు కట్టిన కోట ఇది. ఆ ముహూర్తానికి ఐదు విజయాలు కలిశాయని మన పెద్దలు చెబుతారు. ఊరి పేరులో విజయ, విజయరామరాజు పేరులో విజయ, విజయదశమి, జయవారమైన మంగళవారం, పైగా విజయ నామ సంవత్సరం. ఈ చివరిది నిజమేనా అని నేను వేళ్ళమీద లెక్కేశాను. 2013లో మనం విజయ నామ ఉగాది చేసుకున్నాం. అరవై ఏళ్ళ చక్రం ఐదుసార్లు వెనక్కి తిప్పితే మూడొందలు. 2013లోంచి 300 తీసేస్తే 1713. సరిగ్గా కుదిరింది! ఆ సాయంత్రం మా ఆవిడకి చెబితే, “దీనికింత లెక్కెందుకు, ఉప్మా చల్లారిపోతోంది” అంది.

అంటే రెండు విజయనగరాలకీ పేరు ఒకటే, పుట్టుక వేరు. పోనీ అక్కడితో అయిందా? బెంగుళూరులో విజయనగర్ ఉంది, హైదరాబాదులో విజయనగర్ కాలనీ ఉంది. అరుణాచల్‌లో, బర్మా సరిహద్దు మీద ఇంకో విజయనగర్ ఉంది. దానికి రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. 1961లో అస్సాం రైఫిల్స్ దళాన్ని నడిపించుకుని అక్కడికి చేరిన అధికారి కొడుకు పేరు విజయ్. అంతే, ఆ పిల్లాడి పేరే ఊరికి స్థిరపడిపోయింది. గెలుపు అన్న మాట అంత తీయగా ఉంటుంది కాబట్టి ఇన్ని చోట్ల ఆ పేరు పెట్టుకున్నారు.

మన ఊరి ఇంగ్లీషు స్పెల్లింగ్ మీద జోకులు వేస్తారు గాని, సార్టర్‌కి మాత్రం అందులోని జెడ్ దేవుడిచ్చిన వరం. కవరు మీద జెడ్ కనిపిస్తే కళ్ళు మూసుకుని మన గడిలో వేసేవాణ్ణి. తెల్లవాళ్ళు మన ‘జ’ని జెడ్‌తో రాయడం వల్ల మనకి జరిగిన మేలు అదొక్కటేనేమో. తెలుగులో చిరునామా రాసినవాళ్ళతోనే పేచీ. తెలుగులో అన్నీ విజయనగరాలే. మూలలకి పసుపు రాసిన పెళ్ళి శుభలేఖ ఒకటి మా దగ్గరికి ‘మిస్‌సెంట్’, అంటే దారి తప్పింది అన్న ముద్రలు రెండు వేసుకుని వచ్చింది. చూస్తే పెళ్ళయి వారం దాటిపోయింది. ఇప్పుడు ఇంకో చిక్కు. 2021లో కర్ణాటకవాళ్ళు హోస్పేట కేంద్రంగా విజయనగర జిల్లా పెట్టారు. మన జిల్లా 1979 జూన్ 1న పుట్టింది. కాబట్టి ఈ విషయంలో అన్నగారం మనమే.

ప్రపంచంలో కూడా ఇంతే. కొన్ని పేర్లు మనుషుల వెంట నడిచి వెళ్ళినవి. కెనడాలో లండన్ ఉంది, దాని పక్కన పారే ఏటికి కూడా థేమ్స్ అనే పెట్టుకున్నారు. ఇల్లు వదిలి దూరం పోయినవాళ్ళ బెంగ అది. అందులో వింతేమీ లేదు, మనవాళ్ళు వలసపోయిన చోటల్లా వలస అనో కొత్తవలస అనో పెట్టుకోలేదా? అసలు వింత ఏమిటంటే ఏ చుట్టరికమూ లేకుండా కేవలం చెవికి ఒక్కటిగా వినిపించే పేర్లు.

కేరళలో కొచ్చి ఉంది. జపాన్‌లో షికోకు దీవి మీద ఇంకో కొచ్చి ఉంది, అదీ సముద్రం ఒడ్డునే. జపాన్‌వాళ్ళు దాన్ని ‘ఎత్తు’, ‘తెలివి’ అని అర్థం వచ్చే రెండు అక్షరాలతో రాస్తారు. మలయాళానికీ దానికీ ఏ పొత్తూ లేదు. రేపెవరైనా ‘కేరళవాళ్ళే పడవలేసుకెళ్ళి ఆ ఊరు కట్టారు, గర్వించండి’ అని వాట్సాప్‌లో పంపిస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి. టర్కీలో బ్యాట్‌మన్ అని ఊరుంది, నదీ ఉంది. 2008లో ఆ ఊరి మేయరుగారు, మా పేరు వాడుకుంటున్నారని గబ్బిలం వేషగాడి సినిమా తీసినవాళ్ళ మీద కేసు వేస్తానన్నారు. పెరూ దేశం పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మీ దేశం పేరేమిటంటే, పేరే!

అయితే సంబంధం లేదని కొట్టిపారేసేముందు కూడా ఒకసారి తవ్వి చూడాలి. దీనికి మా ఇంట్లోనే ఒక కథ ఉంది.

మా మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే “తాతా, జావా నేర్చుకుంటున్నాను” అన్నాడు. మా ఆవిడ స్టవ్ దగ్గర్నుంచే, “నేర్చుకోడానికేముందిరా, పిండి ఉండ కట్టకుండా కలిపి కాయడమే కదా” అంది. మనవైపు ఊళ్ళలో చోడి అంబలి అనేదాన్నే ఇప్పుడు టౌన్లో రాగి జావ అంటున్నాం. వాడు పగలబడి నవ్వాడు. నేను మాత్రం కాగితం తీసుకుని ఎన్ని జావాలున్నాయో రాసుకున్నాను.

ఒకటి, ఇండోనేషియాలోని జావా దీవి. రెండు, జావా మోటారు సైకిల్. మా పై అధికారికి ఒకటి ఉండేది, అది వీధి మలుపులో ఉండగానే ఆఫీసులో అందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. మూడు, మనవడి కంప్యూటర్ భాష. నాలుగు, గిన్నెలోది. ఇందులో ఏది ఎవరికి చుట్టం?

బండితో మొదలుపెడితే, అది చెక్ దేశానిది. యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అన్న జర్మన్ కంపెనీ మోటారు సైకిళ్ళ వ్యాపారం కొన్నాడు. ఇంగ్లీషు స్పెల్లింగులో తన పేరు మొదటి రెండు అక్షరాలు జె.ఎ., ఆ కంపెనీ పేరు మొదటి రెండు డబ్ల్యు.ఎ. కలిపి బండికి పెట్టాడు. మన దేశంలో 1961 నుంచి మైసూరు ఫ్యాక్టరీలో తయారైంది. కాబట్టి బండి పూర్తిగా పరాయిది, దీవికీ దానికీ ఏ బంధుత్వమూ లేదు.

కంప్యూటర్ భాష కథ వేరు. దానికి మొదట పెట్టిన పేరు ఓక్, అంటే సింధూర జాతి చెట్టు. ఆ పేరు వేరే కంపెనీ అప్పటికే రిజిస్టర్ చేసుకుని ఉండటంతో, 1995లో జావా అని మార్చారు. అమెరికాలో కాఫీని వాడుకగా జావా అంటారు. డచ్చివాళ్ళు జావా దీవిలో కాఫీ తోటలు వేసి ప్రపంచమంతా అమ్మిన రోజుల నుంచి ఆ పేరు నిలిచిపోయింది. ఆ భాష గుర్తు చూడండి, పొగలు కక్కే కప్పు. అంటే మా మనవడి చదువు కాఫీ మీదుగా ఆ దీవికి మనవడి వరస.

మరి గిన్నెలో జావ? సంస్కృతంలో యవలు అంటే బార్లీ వంటి ధాన్యం. యవాగు అంటే ఆ గింజలతో కాచిన గంజి. అది నోళ్ళలో నలిగి నలిగి జావ అయింది. యజ్ఞం జన్నం అయినట్టే, ‘య’ పోయి ‘జ’ వచ్చింది. ఇప్పుడు రామాయణం కిష్కింధకాండకి రండి. సుగ్రీవుడు వానరుల్ని తూర్పుకి పంపిస్తూ ఏడు రాజ్యాలతో వెలిగే యవద్వీపం వెతకమంటాడు. అలెగ్జాండ్రియాలో రెండో శతాబ్దపు భూగోళ పండితుడు టాలెమీ కూడా ఇలాంటి పేరుతోనే ఒక దీవిని చెప్పి, దాని అర్థం బార్లీ దీవి అని రాశాడు. చాలామంది పండితులు అది జావా దీవే అంటారు. యవల దీవి జావా, యవల గంజి జావ!

నాలుగింట్లో పెద్ద చప్పుడు చేసేది ఒక్కటే పరాయిది. మిగతా మూడూ ఒకే గింజ దగ్గర కలుస్తాయి. మా ఆవిడ అన్నది పూర్తిగా తప్పు కాదని ఇంట్లో ఒప్పుకోవాల్సి వచ్చింది. అది మాత్రం కష్టమైంది.

సరే, ఇన్ని ఒకే పేర్లతో ఎలా వేగడం? మనవాళ్ళ ఉపాయం అక్షరం తగిలించడం. మన జిల్లాలోనే రెండు కోటలు, శృంగవరపుకోట, లక్కవరపుకోట. బస్సు బోర్డు మీద ఎస్.కోట, ఎల్.కోట. ఊళ్ళకి కూడా ఇంటిపేరు పెట్టేశాం. ఆ అక్షరం లేని ఊళ్ళతోనే ప్రాణం పోయేది. సీతానగరాలు బొబ్బిలి పక్కన ఒకటి, గోదావరి జిల్లాలో ఒకటి, గుంటూరువైపు ఇంకోటి. వంగర మనకీ ఉంది, పీవీ నరసింహారావుగారి ఊరూ వంగరే.

ఈ గోల తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పెట్టారు. దాని రూపశిల్పి శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ ఉన్నతాధికారి, అంతకుమించి సంస్కృత కవి. మాటల మోసం తెలిసినవాడు కాబట్టే అంకెల్ని నమ్ముకున్నాడని నా ఊహ. మొదటి మూడంకెలు 535 అంటే మనం, 532 అంటే శ్రీకాకుళం, హోస్పేట 583. జెడ్ ఉన్నా లేకపోయినా ఇక తేడా రాదు.

తేడా రాదు, అంకె రాస్తే! నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పోస్టుకార్డు మీద ఆ ఆరు గళ్ళూ జనం ఖాళీగా వదిలేసేవారు. ఒక రాత్రి నా చేతికి ఒక కార్డు వచ్చింది. ‘శ్రీకాకుళం’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లెలో, శ్రీకాకుళం అంటే నాకు ఇంకో ఆలోచన రాదు. విసిరేశాను. నాలుగు రోజులకి అదే కార్డు ‘మిస్‌సెంట్’ ముద్రతో తిరిగొచ్చి, మళ్ళీ నా చేతిలోనే పడింది. అప్పుడు చూశాను కింది వరస: వయా ఘంటసాల, కృష్ణా జిల్లా. ఇతరుల ఉత్తరం చదవకూడదు, కానీ పోస్టుకార్డుని చూడకుండా ఎలా? ‘పాపకి జ్వరం తగ్గింది. పాలు తాగుతోంది. కంగారు పడొద్దు’ అని ఉంది. ఎవరో కంగారు పడిన నాలుగు రోజులు నా ఖాతాలో ఉన్నాయి.

మన శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అన్నారు. ఆ పేరు ఇప్పుడు రైల్వే కోడ్‌లో దాక్కుని ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ కోడ్ సి.హెచ్.ఇ. కొత్తవాళ్ళు అది చెన్నై అనుకుంటారు. చెన్నై సెంట్రల్ కోడ్ ఇప్పటికీ మద్రాసు పేరుతో ఎం.ఎ.ఎస్.

రిటైరయ్యాక ఆ రెండో శ్రీకాకుళం చూడ్డానికి వెళ్ళాను. కృష్ణ ఒడ్డున చిన్న ఊరు, ఆంధ్ర మహావిష్ణువు గుడి. కళింగం మీదికి దండెత్తి వస్తూ కృష్ణదేవరాయలు ఇక్కడే ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడు. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అన్నది ఆ కల మాటే. ఆ కావ్యమే ఆముక్తమాల్యద. ఆ దండయాత్రలోనే 1516లో సింహాచలం దాకా వచ్చి అప్పన్నకి నగలు సమర్పించాడు, శాసనం ఉంది. గమనించారా? ఆ విజయనగరం రాజు, ఆ శ్రీకాకుళంలో కల కని, మన విజయనగరం పుట్టబోయే నేలకి ఒక పూట ప్రయాణం దూరంలోకి వచ్చి వెనక్కి తిరిగాడు. ఇంకా రెండొందల ఏళ్ళు ఆగితే గాని ఇక్కడ కోటకు మొదటి రాయి పడదు.

గుళ్ళో పూజారిగారు గోత్రం అడిగారు, చెప్పాను. ఊరు అడిగారు. “శ్రీకాకుళం” అన్నాను. ఆయన పళ్ళెం కింద పెట్టి నావైపు పరీక్షగా చూశారు. “ఇదే ఊరా? ఎవరింటి వారు? ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుడికి రాలేదేం?” అన్నారు. గబగబా సంగతి చెప్పాను. ఆయన మొహం తేటపడింది. “ఓహో, ఆ శ్రీకాకుళమా!” అన్నారు.