గంట మోగితే వేట

శ్రోతలకు నమస్కారం.

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో ట్రిస్టన్ డ కూన్యా అని ఒక దీవి. నిజానికి అదొక అగ్నిపర్వతం. విమానం దిగే చోటు లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వెళ్లాలి, సుమారు 2,800 కిలోమీటర్లు, దాదాపు వారం ప్రయాణం. ఉన్నది ఒక్కటే ఊరు, జనం 250 లోపే.

నెపోలియన్‌ను అదే సముద్రంలోని మరో దీవి సెయింట్ హెలెనాలో బంధించాక, అతన్ని విడిపించడానికి ఎవరైనా ట్రిస్టన్‌లో మకాం వేస్తారేమోనని బ్రిటన్ 1816లో అక్కడ సైన్యాన్ని దించింది. ఏడాది తిరిగేసరికి ఆ సైన్యం వెళ్లిపోయింది. విలియం గ్లాస్ అనే స్కాట్లాండ్ సైనికుడు మాత్రం భార్యాబిడ్డలతో ఉండిపోయాడు. తోడు నిలిచినవాళ్లతో కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాడు: పశువులు, సరుకులు అందరివీ, లాభం సమానంగా పంచుకోవాలి, ఎవరూ ఎవరికీ పెద్ద కాదు. నన్ను కదిలించింది ఈ కాగితమే. ఎందుకంటే అది కాగితంగానే మిగిలిపోలేదు. నేటికీ అక్కడి భూమి అందరి ఉమ్మడి ఆస్తి, బయటివారు కొనలేరు. ఒక ఇంటికి ఇన్ని పశువులే అని లెక్క ఉంటుంది.

తొలిరోజుల్లో దారిన పోయే ఓడలకు ఎదురెళ్లి బంగాళాదుంపలు, మాంసం ఇచ్చి పిండి, బట్టలు తెచ్చుకునేవారు. 1885లో అలా ఒక ఓడను అందుకోవడానికి పడవలో వెళ్లిన 15 మంది మగవాళ్లు తిరిగి రాలేదు. అంత చిన్న ఊళ్లో ఎన్ని ఇళ్లు దిక్కులేనివయ్యాయో ఊహించండి. అప్పట్లో బంగాళాదుంపే అక్కడ డబ్బు. 1946లో నమూనాగా వేసిన తపాలా బిళ్ల మీద ఒక పెన్నీతో పాటు నాలుగు దుంపలని కూడా ధర రాశారు.

తర్వాత రాతి రొయ్యలు, అదే మనం లాబ్‌స్టర్ అంటున్నామే, అవి ఊరి బతుకు మార్చాయి. ఫ్యాక్టరీ వచ్చింది, చేతిలో జీతం ఆడింది. 1961లో అగ్నిపర్వతం పేలి లావా ఆ ఫ్యాక్టరీని మింగేసింది. ఊరంతటినీ ఇంగ్లండ్ చేర్చారు. అక్కడ ఉద్యోగాలు దొరికాయి, ఇళ్లలో కరెంటు ఉంది. అయినా మరుసటి ఏడాది ఓటు పెడితే, తిరిగి వెళ్తామన్నవారు 148 మంది, వద్దన్నవారు ఐదుగురు. 1963లో ఎక్కువమంది ఇల్లు చేరారు.

ఇప్పుడు కూడా దీవికి ప్రధాన ఆదాయం ఆ రొయ్యలే. వాతావరణం అనుకూలించిన తెల్లవారుజామున ఊళ్లో గంట మోగుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఆ రోజు పని పక్కన పెట్టి పడవలెక్కుతారు.