తక్కువ బడ్జెట్‌లో ఆటలాడే ల్యాప్‌టాప్

శ్రోతలకు నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆపేసింది. ఆ తర్వాత పాత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపులకి వచ్చేవాళ్లు మన ఊళ్లో బాగానే కనిపిస్తున్నారు. "ఏడేళ్లు వాడాం బాబూ, ఇంక మార్చేద్దామనుకుంటున్నాం" అంటారు పెద్దాయన. పక్కన నిలబడ్డ కుర్రాడు "గేమ్స్ కూడా ఆడేలా ఉండాలి" అని మెల్లగా అందిస్తాడు. విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ ఇద్దరి మధ్య నిలబడటం నాకు అలవాటే. ఈరోజు నేను కుర్రాడి తరఫునే మాట్లాడతాను, కాకపోతే పెద్దాయన జేబు మర్చిపోకుండా.

డబ్బు గెలుస్తామని డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. నేను చెప్పేది వాటి సంగతి కాదు. కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం గంటో రెండు గంటలో ఆడుకునే మామూలు వీడియో గేమ్‌ల గురించి.

షాపుకి బయల్దేరే ముందు ఆడబోయే ఆటల పేర్లు ఓ కాగితం మీద రాయించండి. "ఏం ఆడతాడమ్మా?" అని అడిగితే "ఏటో బాబూ, ఏవో కాల్చుకునే ఆటలు" అంటారు. ఆ కాల్చుకునే ఆటల్లోనే భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. 2020లో వచ్చిన వాలరెంట్ చాలా తేలికైన ఆట, విడిగా గ్రాఫిక్స్ కార్డు, అంటే ఆట బొమ్మల్ని గీసే భాగం, లేని ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 కూడా అదే రకం ఆట, కానీ దానికి ఇంకాస్త బలమైన మెషీన్ ఉండాలి. మైన్‌క్రాఫ్ట్, డోటా 2, కంప్యూటర్ మీదకి వచ్చి పదేళ్లు దాటిన జీటీఏ 5 లాంటివి సెట్టింగ్స్ తగ్గించుకుంటే మామూలు మెషీన్‌లో ఆడుకోవచ్చు. అదే కాగితం మీద సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వుకాంగ్ అని రాసుందా, లెక్క మొత్తం మారిపోతుంది. బీజీఎమ్‌ఐ ఒక్కటే రాసుంటే మాత్రం ల్యాప్‌టాప్ ఊసే ఎత్తకండి. అది ఫోన్ ఆట, ఫోన్‌లోనే ఆడాలి.

ఇక ఇంట్లో ఉన్న పాతది నిజంగా పనికిరాకుండా పోయిందా అన్నది చూడాలి. విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయ్యుండాలి. అవి ఉండీ మెషీన్ నత్తనడక నడుస్తుంటే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ దగ్గర అస్తమానూ 100 శాతం చూపిస్తోందంటే రోగం పాత హార్డ్ డిస్క్‌ది. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త రకం డిస్క్ వేయిస్తే చదువుకీ ఆఫీసు పనికీ ఆ ల్యాప్‌టాప్ ఇంకొన్నేళ్లు వస్తుంది. ఆటకి మాత్రం అది మందు కాదు. ఆట త్వరగా తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక మళ్లీ ఆగాగే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికి ఉంటుంది. తర్వాత మార్చుకుందాంలే అనుకోవడానికి లేదు. అందుకే ఆటల కోసం అంటే కొత్తది కొనడం తప్పదు, కొనేటప్పుడే చూసుకోవడమూ తప్పదు.

ధరల గురించి నేను అంకెలు చెప్పను. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్నుంచి ర్యామ్, అంటే నడుస్తున్న పనులకి వాడే మెమొరీ, దాని ధరలు పెరిగాయి, ఆ భారం ల్యాప్‌టాప్‌ల మీద కూడా పడుతోంది. ఇవాళ చెప్పిన ధర వచ్చే నెలకి ఉండదు. రెండు మెట్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రాసెసర్‌లోనే కలిసొచ్చే గ్రాఫిక్స్‌తో నడిచేవి కింది మెట్టు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవి పై మెట్టు. కాగితం మీద తేలికైన ఆటలే ఉంటే కింది మెట్టు చాలు, సరిగ్గా ఎంచుకుంటేనే సుమా. అసలు చిక్కంతా ఆ ఎంచుకోవడంలోనే ఉంది.

మొదటి చిక్కు ర్యామ్. విడిగా కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ ఉండదు, ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే అదీ వాడుకుంటుంది. నూతికి ఒక్కటే గిలక ఉంటే ఒకరు తోడుకునేదాకా రెండోవాళ్లు బిందె పట్టుకుని నిలబడాలి. రెండు గిలకలుంటే ఇద్దరూ ఒకేసారి తోడుకుంటారు. ర్యామ్ కూడా అంతే. 16 జీబీ ఒకే ముక్కగా ఉండటం వేరు, 8 జీబీవి రెండు ముక్కలుగా ఉండటం వేరు. రెండు ముక్కలుంటే ఆటలో వేగం చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. ఇంటెల్ వాళ్ల ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అయితే ఇంకా విచిత్రం. ర్యామ్ ఒకే ముక్క వేస్తే అదే చిప్ తన పేరు మార్చుకుని మామూలు యూహెచ్‌డీ గ్రాఫిక్స్‌గా కనిపిస్తుంది. డబ్బాల మీద ఇదంతా వివరంగా రాయరు. షాపులో పెట్టిన మెషీన్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమొరీ నొక్కితే ర్యామ్ ముక్కలు పెట్టే స్లాట్లు ఎన్నున్నాయో, ఎన్ని వాడారో చూపిస్తుంది. రెండింటిలో ఒకటి ఖాళీగా ఉంటే మంచిదే, ఇంకో ముక్క తర్వాత వేయించుకోవచ్చు. 8 జీబీ బోర్డుకే అతికించేసి, స్లాట్ అసలు లేకపోతే, ఎంత చవకైనా దాన్ని ఆటలకని కొనకండి.

రెండో చిక్కు ప్రాసెసర్ల పేర్లు. "సార్, ఇది ఐ5, ఇది రైజెన్ 5, రెండూ ఒకటే" అని చెప్పేవాళ్లు ప్రతి షాపులోనూ ఉంటారు. ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ 5 7520యూ అని ఒకటుంది. ఏడు వేల నంబరు చూసి కొత్త సరుకనుకుంటాం, కానీ లోపల ఉన్నది 2019 నాటి డిజైను, గ్రాఫిక్స్ కూడా నామమాత్రం. అదే రైజెన్ 5లో 7535హెచ్‌ఎస్ అనేదానికి గ్రాఫిక్స్ బలం చాలా ఎక్కువ. ఆ ఏడు వేల వరుసలో మూడో అంకె చూడండి. అది 2 అయితే పాత డిజైను, 3 అయితే ఒక మెట్టు పైన, 4 అయితే ఇంకా కొత్తది.

ఇంటెల్‌లో ఇంకో తిరకాసు. పేరు చివర హెచ్ అక్షరం ఉంటే బలమైన ప్రాసెసర్ అని పిల్లలు యూట్యూబ్‌లో చూసొస్తారు, అది నిజమే. అయితే ఐ5 12450హెచ్‌లో ప్రాసెసర్ బలమైనదే గానీ, లోపలి గ్రాఫిక్స్ చిన్నది. మామూలు ఐ5 1235యూలో గ్రాఫిక్స్ దానికంటే పెద్దది. విడిగా కార్డు ఉన్న మెషీన్‌లో 12450హెచ్ మంచి ఎంపికే. కార్డు లేకుండా ఒక్కదాన్నే ఆటలకి కొంటే మాత్రం డబ్బు ఎక్కువ పెట్టి ఆట తక్కువ తెచ్చుకున్నట్టే. కంపెనీలు కావాలని ఇలా పెడతాయో ఏమో గానీ, ఈ పేర్లు మనకి అర్థం కాకపోవడం వాళ్లకేమీ నష్టం కాదు.

పైమెట్టుకి వెళ్లగలిగితే ఎన్‌విడియా కార్డులు వస్తాయి. ఆర్‌టీఎక్స్ 2050, 3050, 4050 అన్నవి బడ్జెట్‌లో ఎక్కువగా వినబడే పేర్లు. ఇక్కడ చూడాల్సింది కార్డు పేరొక్కటే కాదు, దానికి ఎన్ని వాట్ల కరెంటు ఇచ్చారన్నది. ఒకే ఆర్‌టీఎక్స్ 3050, సన్నటి ల్యాప్‌టాప్‌లో 35 వాట్లతో నడవచ్చు, మందపాటిదానిలో 80 వాట్ల దాకా వెళ్లొచ్చు. పేరు ఒకటే అయినా ఆట ఒకటి కాదు. కంపెనీ వివరాల్లో ఈ వాట్ల లెక్క టీజీపీ అని ఉంటుంది, అది అడగండి. కార్డు మెమొరీ కూడా అడగండి. 3050 అనే పేరుతోనే 4 జీబీదీ ఉంది, 6 జీబీదీ ఉంది. కొత్త ఆటలకి 4 జీబీ ఇరుకైపోతోంది.

తెర గురించి పెద్దగా చెప్పేది లేదు. పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం అయితే చాలు. 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 బొమ్మలు చూపే తెర, అని ఎక్కువ డబ్బు అడిగితే, మీ మెషీన్ సెకనుకి అన్ని బొమ్మలు చూపించగలదా అని చూసుకుని ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీ 512 జీబీకి తగ్గొద్దు, జీటీఏ 5 ఒక్కటే 100 జీబీ దాకా మింగేస్తుంది. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చేవి బ్యాటరీకి మంచివే గానీ కొన్ని ఆటలు వాటిలో అసలు తెరుచుకోవు.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతులు కొన్నున్నాయి, షోరూముల్లో వీటి గురించి ఎవరూ చెప్పరు. మే నెలలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుని ఆడితే ల్యాప్‌టాప్ లోపల వేడి 95 డిగ్రీల దాకా ఎక్కుతుంది. అప్పుడది తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. అప్పటిదాకా బాగా నడిచిన ఆట ఉన్నట్టుండి ఈడుస్తుంది, వైరస్ వచ్చిందని పరిగెత్తుకొస్తారు. మంచం మీద పరుపుపై పెట్టి ఆడితే గాలి పోయే కంతలు మూసుకుపోతాయి, బల్ల మీదే పెట్టాలి. కళింగపట్నం, బారువ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకి ఉప్పుగాలి ఇంకో బాధ. పోర్టులు, స్క్రూలు త్వరగా తుప్పుపడతాయి, ఏడాదికోసారైనా విప్పించి శుభ్రం చేయించాలి. కాబట్టి అందంగా సన్నగా ఉన్నదానికంటే, వెనకాల రెండు పక్కలా గాలి వదిలే మందపాటి మోడలే మనకి మేలు. బరువుంటుంది, ఉండనీయండి.

కార్డున్న ల్యాప్‌టాప్ పూర్తి బలంతో నడవాలంటే చార్జర్ తగిలించే ఉండాలి, బ్యాటరీ మీద ఆట సగానికి పడిపోతుంది. పాత ఇళ్లలో ప్లగ్గుకి ఎర్త్ ఉండదు. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. మెషీన్‌లో లోపం అనుకుని మార్పించడానికి తిరుగుతారు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా అని అడుగుతారు. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లు గట్టివే, చదువుకి బంగారంలా పనికొస్తాయి, గ్రాఫిక్స్ మాత్రం అంతంతే. ఆటలాడి అరగదీసిన గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే నాకు భయమే. కొనక తప్పదనుకుంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. తయారైనప్పుడు బ్యాటరీ సామర్థ్యం ఎంత, ఇప్పుడెంత మిగిలిందీ అందులో పక్కపక్కనే ఉంటుంది. అమ్మేవాడి మాటకంటే అది నయం.

దసరా ముందు, అంటే మన పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి కాస్త ముందు, ఆన్‌లైన్‌లో పెద్ద ఆఫర్లు వస్తాయి. ధర తగ్గేమాట నిజమే. కానీ చెడిపోతే ఎక్కడికి పట్టుకెళ్లాలో కొనే ముందే చూసుకోండి. కొన్ని కంపెనీల వాళ్లు ఇంటికొచ్చి బాగుచేస్తారు, కొన్నింటికి మనమే మోసుకెళ్లాలి. విజయనగరం వాళ్లకి విశాఖ దగ్గరే. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లి రావడమంటే మాత్రం ఆ రోజు పని పోయినట్టే. ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకుని చూస్తే ఒక్కోసారి ఊళ్లో షాపే చవక.

ఆట ఆగిపోయినప్పుడల్లా ల్యాప్‌టాప్‌ని తిట్టకండి. వాలరెంట్ లాంటి ఆటల సర్వర్ ముంబైలో ఉంటుంది, ఆట అక్కడిదాకా నెట్ మీద వెళ్లి రావాలి. మూడు గోడలు దాటొచ్చే వైఫై మీద ఆడితే ఏ మెషీనైనా తడబడుతుంది. రౌటర్ నుంచి నేరుగా లాన్ వైరు లాగి చూడండి. సన్నటి మోడళ్లలో ఆ వైరు పెట్టే పోర్టే ఉండదు, అది కూడా షాపులో చూసుకోవాలి.

ఇంటికి తెచ్చిన రోజే ఆ కాగితం మీది ఆటల్లో బరువైనది ఎక్కించి, చార్జర్ పెట్టి, అరగంట ఆపకుండా ఆడించండి. ఫ్యాన్ గరగరమన్నా, తెర మీద మారని చుక్క కనిపించినా, ఆట మధ్యలో ఆఫ్ అయిపోయినా మార్పిడి గడువు దాటకముందే తీసుకెళ్లండి. ఎవరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు మీద సీరియల్ నంబరు ఉందో లేదో చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ తేదీ ఆరోజే సరిచూసుకోండి. షాపులో నెలల తరబడి పడి ఉన్న మెషీన్ అయితే వారంటీ మీరు కొనకముందే మొదలైనట్టు అక్కడ కనిపించవచ్చు. అలా ఉంటే బిల్లు పంపించి, కొన్న తేదీ నుంచి లెక్క వెయ్యమని అడగండి.

సెలవు.